పక్క ఫ్యాక్టరీ వల్ల పొలం మట్టి పాడైందని నిరూపించడం ఎలా: నమూనా తీయించడం నుంచి నివేదికపై అభ్యంతరాల దాకా

పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం పరిసరాల్లో నక్కవాగు నీళ్లతో వ్యవసాయం చేసిన కుటుంబాలను ఎవరిని కదిలించినా, తమ నేల ఏ సంవత్సరం నుంచి పండటం మానేసిందో చెప్పగలరు. అయితే ఆ మాట కోర్టులో సాక్ష్యంగా నిలబడటం వేరే సంగతి. అక్కడి కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది, ఆ వ్యాజ్యం దశాబ్దాల పాటు సాగింది. మీ కేసు అంత పెద్దది కాకపోవచ్చు. మీకు రెండు మూడు ఎకరాల పట్టా భూమి ఉండి, గట్టు అవతల ఒక ఫ్యాక్టరీ ఉండి, వానాకాలం రాత్రుల్లో అక్కడి నుంచి రంగునీళ్లు మీ చేలోకి దిగుతుంటే ఏ పని ఏ క్రమంలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇలాంటి కేసుల్లో ఓడిపోయినవారిలో ఎక్కువమంది మట్టిలో విషం లేక ఓడిపోలేదు. ఆ మట్టిని ఎవరు, ఎవరి సమక్షంలో, దేనితో తీశారన్న ప్రశ్నకు జవాబు లేక ఓడిపోయారు.

అన్నిటికంటే ముందు భూమి కాగితాలు సరిచూసుకోండి. పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ నకళ్లు (ఆంధ్రప్రదేశ్‌లో అయితే అడంగల్, 1-బి), సర్వే నంబరు టీపన్ (కొలతల పటం) తెచ్చుకుని, సర్వేయర్‌తో హద్దులు కొలిపించుకోండి. మట్టి తీసిన చోటు మీ పట్టాలో లేదని, అది వాగు పోరంబోకు అని అవతలి పక్షం ఒక్క మాట అన్నదంటే, పరీక్ష ఫలితం ఎంత బలంగా ఉన్నా వాదన హద్దుల మీదికి మళ్లి ఏడాది అక్కడే గడిచిపోతుంది. పహాణీల్లో ఏ ఏటికి ఏ పంట నమోదైందో కూడా చూడండి. వరి, వరి, వరి అని ఉన్నచోట ఒక సంవత్సరం నుంచి పడావు అని కనిపిస్తే, మీ నష్టం ఎప్పుడు మొదలైందో ఆ పేజీయే చెబుతుంది.

ఆ తేదీకి మరో ప్రాముఖ్యం కూడా ఉంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 15వ సెక్షన్ కింద పరిహారం గానీ, నేలను తిరిగి బాగుచేయించే ఉత్తర్వు గానీ కోరాలంటే, అందుకు కారణం తొలిసారి ఏర్పడిన నాటి నుంచి 5 ఏళ్లలోపు దరఖాస్తు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు అనుమతిస్తారు. పరిహారం కాకుండా పర్యావరణానికి సంబంధించిన వివాదాన్ని మాత్రమే 14వ సెక్షన్ కింద తేల్చమంటే గడువు 6 నెలలు, ఆపైన 60 రోజులు. కాబట్టి పదేళ్ల క్రితం ఎవరికో రాసిన ఫిర్యాదును సానుభూతి కోసం జతచేసే ముందు, అదే కాగితాన్ని చూపి మీ కేసు కాలం చెల్లిందని అవతలివారు అంటారేమో మీ వకీలుతో ఆలోచించుకోండి.

తర్వాతి పని సమాచార హక్కు దరఖాస్తు. దీనికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. కాలుష్య నియంత్రణ మండలి ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన స్థాపన, నిర్వహణ అనుమతి పత్రాలు, ప్రమాదకర వ్యర్థాల నిర్వహణకు ఇచ్చిన ఆథరైజేషన్, గత ఐదేళ్ల తనిఖీ నివేదికలు, వ్యర్థజలాల పరీక్షా ఫలితాలు, షోకాజ్ నోటీసుల నకళ్లు అడగండి. ఇవి బెదిరించడానికి కాదు, పరీక్షలో ఏం వెతకాలో తెలుసుకోవడానికి. అనుమతి పత్రంలో ఏ ఉత్పత్తులు తయారుచేయవచ్చో, వ్యర్థాలు ఏ రకమో, ఎంత పరిమాణమో రాసి ఉంటుంది. బల్క్ డ్రగ్ (మందుల ముడిపదార్థాల) పరిశ్రమ అయితే సాల్వెంట్లు (పదార్థాలను కరిగించే ద్రవాలు), లవణాలు ప్రధానమవుతాయి. లోహపు పూతల పరిశ్రమ అయితే క్రోమియం, నికెల్, జింక్ చూడాలి. పాత బ్యాటరీల యూనిట్ అయితే సీసం. అవతలివారు వాడని పదార్థం మీ మట్టిలో ఎంత ఉన్నా వారికి అంటదు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. వ్యవసాయ శాఖ ఇచ్చిన సాయిల్ హెల్త్ కార్డు పట్టుకొచ్చి, ఇదిగో నేల పాడైందని చూపిస్తారు. ఆ కార్డులో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, వీటితోపాటు పీహెచ్, లవణాల సూచిక, సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, సాల్వెంట్ల ఊసు అందులో ఉండదు. పైగా జింకు, రాగి వంటివాటిని అక్కడ కొలిచే పద్ధతి మొక్కకు అందే భాగాన్నే చూపుతుంది, నేలలో ఉన్న మొత్తాన్ని కాదు. ఎరువు ఎంత వేయాలో చెప్పే కార్డు అది. అయితే పాత కార్డులో లవణాల సూచిక తక్కువగా ఉండి, కొత్త కార్డులో అది అమాంతం పెరిగి ఉంటే, ఆ రెండు కార్డులనూ భద్రపరచండి. అనుమానానికి అదొక మంచి ఆధారం.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న. పర్యావరణ నష్టానికి పరిహారం, నేల పునరుద్ధరణ కావాలంటే దారి హరిత ట్రిబ్యునల్. ఆ కోవలోకి వచ్చే పరిహార దావాలను సివిల్ కోర్టు విచారించకుండా అదే చట్టంలోని 29వ సెక్షన్ అడ్డుకుంటుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. పరిహారం అడిగితే కోరిన మొత్తంలో 1 శాతం రుసుము కట్టాలి, అడగకపోతే వెయ్యి రూపాయలు. ఈ చట్టంలోని 17వ సెక్షన్ కింద అవతలివారి నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించనక్కర్లేదు, నష్టం వారి కార్యకలాపం వల్ల జరిగిందని చూపితే చాలు. భూమిని కాలుష్యం సంగతి దాచి మీకు అమ్మారనో, లీజుకు తీసుకున్నవాడు పాడుచేసి వెళ్లాడనో మీ వివాదమైతే అది ఒప్పందానికి సంబంధించింది, సివిల్ కోర్టులోనే నడుస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం పొందవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక అర్జీ ఇస్తే వకీలును కేటాయిస్తారు.

కోర్టుకు వెళ్లకముందే మండలికి, కలెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి, ప్రాథమిక అంచనా 90 రోజుల్లో, వివరమైన పరిశీలన ఆపైన మరో మూడు నెలల్లో పూర్తికావాలి. మీ సర్వే నంబరును ఆ జాబితాలో చేర్చమని ఫిర్యాదులోనే అడగండి. గడువులు కాగితం మీద ఉన్నంత చురుగ్గా నడుస్తాయని నేను చెప్పను, కానీ అవి దాటిపోయాయన్న సంగతి కూడా రేపు ట్రిబ్యునల్‌లో మీకు పనికొస్తుంది.

ఇక అసలైన ఘట్టం, మట్టి తీయడం. మండలి అధికారులు వచ్చి నమూనా తీస్తే, పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986లోని 11వ సెక్షన్ అక్షరాలా అమలు కావాలి. స్థలాన్ని అనుభవిస్తున్నవారికి లేదా వారి ప్రతినిధికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి, వారి ఎదుట నమూనా తీయాలి, డబ్బాకు గుర్తు వేసి సీలు చేయాలి, దానిమీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి, ఆలస్యం లేకుండా గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. ఈ క్రమం తప్పితే ఆ ఫలితాన్ని ఏ న్యాయప్రక్రియలోనూ సాక్ష్యంగా స్వీకరించరాదని ఆ సెక్షనే చెబుతోంది. స్థలాన్ని అనుభవిస్తున్నవారు కావాలనే రాకపోయినా, సంతకానికి ఒప్పుకోకపోయినా అధికారి ఒక్కడే సంతకం చేసి ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ పొలంలో నమూనా తీసేటప్పుడు స్థలంలో ఉన్నవారు మీరే, కాబట్టి ఆ చట్టం ప్రకారం నోటీసు అందేది మీకే, ఫ్యాక్టరీకి కాదు. అయినా ఫ్యాక్టరీకి రిజిస్ట్రేషన్‌తో కూడిన స్పీడ్ పోస్టులో మీరే ఒక లేఖ పంపండి. ఫలానా రోజున, ఫలానా సమయానికి నమూనాలు తీస్తున్నామని, మీ ప్రతినిధిని పంపవచ్చని అందులో రాయండి. వారు రాకపోయినా, మా వెనుక జరిగిందన్న మాట అనే అవకాశం వారికి మిగలదు.

సివిల్ కోర్టులో ఉంటే నమూనా తీయించే మార్గం అడ్వొకేట్ కమిషనర్, అంటే ఆ పనికి కోర్టు నియమించే వకీలు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 26వ ఆర్డరు 9వ రూలు స్థల పరిశీలనకు, 10-ఏ రూలు శాస్త్రీయ పరిశోధనకు, 39వ ఆర్డరు 7వ రూలు వివాదాస్పద ఆస్తిని పరిశీలించి నమూనాలు తీయడానికి వీలు కల్పిస్తాయి. ఐ.ఏ. (మధ్యంతర దరఖాస్తు) వేసిన వెంటనే మీకు ఎదురయ్యే కౌంటర్ (అవతలివారి జవాబు) ఎలా ఉంటుందో ముందే చెప్పగలను: పార్టీ తరఫున సాక్ష్యం సేకరించిపెట్టడానికి కమిషనర్‌ను వేయరాదు. ఈ అభ్యంతరానికి మన కోర్టుల్లో బలం ఉంది. దాన్ని దాటాలంటే మీ దగ్గర ఇప్పటికే కొంత ఆధారం ఉందని, మిగిలినది కోర్టు హాల్లో తేలేది కాదని, శాస్త్రీయంగా పరీక్షిస్తేనే తేలేదని అఫిడవిట్‌లో చూపాలి. తేదీ కనిపించే ఫొటోలు, ఎండిన పంటపై మండల వ్యవసాయ అధికారి ఇచ్చిన నివేదిక, సమాచార హక్కు కింద వచ్చిన తనిఖీ కాగితాలు అందుకు ఉపయోగపడతాయి. ఫొటోలు ఫోనులో ఉంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. ఫ్యాక్టరీ ఆవరణలో నమూనాలు కావాలంటే కోర్టు ఉత్తర్వుతోనే వెళ్లాలి. గోడ దూకి తెచ్చిన మట్టి మీకు ఉపయోగపడకపోగా మీమీదే కేసు అవుతుంది.

ఉత్తర్వు అడిగేటప్పుడు నమూనా తీసి పరీక్షించాలని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఎన్ని చోట్ల, ఎంత లోతులో, ఏ పనిముట్టుతో, ఎవరు తీయాలి, ఏ ప్రయోగశాలకు, ఏ పదార్థాల కోసం, ఏ పద్ధతిలో పంపాలి అన్నవన్నీ మెమోలో (కోర్టుకు ఇచ్చే చిన్న రాతపత్రంలో) రాసి ఇవ్వండి. హరిత ట్రిబ్యునల్ సాధారణంగా మండలి, కలెక్టరు ప్రతినిధులతో సంయుక్త కమిటీ వేస్తుంది. అక్కడ కూడా ఇదే మెమో ఇవ్వండి.

ఎన్ని చోట్ల అన్నదానికి నా సలహా ఇది. కలుషిత నీరు మీ పొలంలోకి ఏ మూల నుంచి దిగుతుందో అక్కడి నుంచి లోపలికి ఒక గీత ఊహించుకోండి. గట్టుకు 5 మీటర్లు, 25 మీటర్లు, 75 మీటర్ల దూరాల్లో నమూనాలు తీయించండి. ప్రతిచోటా 0 నుంచి 15 సెంటీమీటర్లు, 15 నుంచి 30, 30 నుంచి 60 అని మూడు పొరలను విడివిడిగా తీయించండి. గట్టు దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా, పైపొరలో ఎక్కువగా, లోపల తక్కువగా ఉంటే అది బయటి నుంచి వచ్చిపడిందని అంకెలే చెబుతాయి. లోతుకు పోయేకొద్దీ పెరిగితే అది తల్లిరాయిలోనే (ఆ నేల ఏ శిల నుంచి ఏర్పడిందో అందులోనే) ఉందేమోనన్న అనుమానానికి తావిచ్చినట్టే. పొలమంతా కలిపి ఒకే సగటు నమూనా తీయడం ఎరువుల మోతాదుకు సరే, ఈ పనికి మాత్రం పనికిరాదు.

పోలిక నమూనా లేకుండా ఏ ఫలితమూ నిలవదు. కలుషిత నీరు ఎన్నడూ చేరని, ఎగువన ఉన్న, అదే జాతి నేల నుంచి కనీసం రెండు నమూనాలు తీయించాలి. అదే జాతి అన్నమాటను గట్టిగా పట్టుకోండి. మన దగ్గర గ్రానైటు మీద ఏర్పడిన ఎర్ర చల్కా నేల పక్కనే నల్లరేగడి ఉంటుంది. బసాల్టు శిల నుంచి వచ్చిన రేగడిలో రాగి, నికెల్, క్రోమియం సహజంగానే ఎక్కువ. మీ పొలం రేగడి, పోలిక నమూనా చల్కా అయితే, మీరు చూపిన తేడా అంతా భూగర్భశాస్త్రమేనని అవతలి నిపుణుడు పది నిమిషాల్లో తేల్చేస్తాడు. సూపర్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం ఉంటుందని, బోర్డో మిశ్రమంలో రాగి ఉంటుందని కూడా అంటాడు. కాబట్టి మీరు వాడిన ఎరువులు, మందుల బిల్లులు దాచుకోండి. అవే ఎరువులు వాడిన ఎగువ రైతు పొలంలో ఆ లోహాలు తక్కువగా ఉండటమే దానికి జవాబు.

పనిముట్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. నేను దగ్గరుండి చూసిన ఒక కేసులో కమిషనర్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది, పొలంలో చీలమండ లోతు నీళ్లున్నాయి. ఎవరో ఇంటి దగ్గరి నుంచి జింకు పూత ఉన్న బకెట్ తెచ్చారు, మట్టిని అందులోనే కలిపారు, ఎరువుల సంచి మీద ఆరబోశారు, తర్వాత కిరాణా కవర్లలో కట్టి బాల్‌పెన్నుతో పేర్లు రాశారు. ప్రయోగశాలకు చేరేసరికి రెండు కవర్ల మీది రాత చెమ్మకు చెరిగిపోయింది. పరీక్షలో జింకు బ్రహ్మాండంగా బయటపడింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు మట్టి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, బకెట్ గురించే అడిగాడు. స్టెయిన్‌లెస్ స్టీలు పనిముట్లు, లోహాలకు కొత్త పాలిథిన్ సంచులు, సాల్వెంట్లకు బిగుతైన మూత ఉన్న గాజు సీసాలు, చెరగని సిరా, లక్క సీలు, మంచుగడ్డల పెట్టె, ఇవన్నీ ముందురోజే సిద్ధంగా ఉండాలి. ఒక చోట తీసి మరో చోటికి వెళ్లేముందు పనిముట్టు కడగాలి, కడిగినట్టు రాయాలి. లోహాల కోసం మట్టిని బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసి అరకిలోకు తగ్గించవచ్చు. సాల్వెంట్ల కోసం తీసిన మట్టిని కలపకూడదు, ఆరబెట్టకూడదు, ఆవిరైపోతాయి.

ప్రతి నమూనాను మూడు వాటాలు చేయమని కోరండి. ఒకటి ప్రయోగశాలకు, ఒకటి అవతలి పక్షానికి, ఒకటి కోర్టు సీలుతో నిల్వకు. ఆ మూడో వాటా మీద ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. పాదరసం, ఆరు వేలెన్సీ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) మినహా మిగతా లోహాలకు అది ఆరు నెలల దాకా పనికొస్తుంది గానీ, ఆవిరయ్యే సాల్వెంట్లకు సాధారణంగా పాటించే గడువు 14 రోజులే. ప్రతి చోటా జీపీఎస్ అంకెలు, తీసిన సమయం, మట్టి రంగు, వాసన పంచనామాలో రాయించండి. ఊరి పెద్దలు ఇద్దరు, అవతలి ప్రతినిధి ఉంటే ఆయన సంతకం చేయాలి. నమూనా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ సమయానికి మారిందో ఒక కాగితం వెంటే సాగాలి. బోరు నీటి నమూనా కూడా అదే రోజు తీయించండి.

ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ (పరీక్షా ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) గుర్తింపు ఉందని బోర్డు చూసి సంతృప్తి పడకండి. గుర్తింపు పత్రానికి జతచేసిన పరిధి జాబితాలో మట్టి అన్న విభాగం, మీకు కావలసిన పదార్థం పేరు ఉండాలి, పరీక్ష తేదీ నాటికి గుర్తింపు అమల్లో ఉండాలి. నీటికి గుర్తింపు ఉన్న ప్రయోగశాల మట్టి పరీక్షించి ఇచ్చిన కాగితాలు నేను చాలానే చూశాను. మరో సంగతి: మీరే సంచి తీసుకెళ్లి ఇస్తే నివేదిక చివర చిన్న అక్షరాల్లో, ఈ ఫలితాలు తమకు అందిన నమూనాకు మాత్రమే వర్తిస్తాయని, నమూనా తాము తీసింది కాదని రాస్తారు. ఆ ఒక్క వాక్యం చాలు కేసు తలకిందులు కావడానికి. అదనపు ఖర్చయినా ప్రయోగశాల మనిషినే పొలానికి రప్పించండి. లోహాలకు ఆమ్లంతో జీర్ణం చేసి మొత్తం కొలవాలని, క్రోమియం విషయంలో మొత్తం క్రోమియంతోపాటు ఆరు వేలెన్సీ క్రోమియం విడిగా కొలవాలని ముందే రాసివ్వండి. పోల్చే ప్రమాణం ఏదో నివేదికలోనే పేర్కొనమనండి. మన దగ్గరి అధ్యయనాలు తరచూ కెనడా వ్యవసాయ నేలల సూచికలతో పోలుస్తాయి. అందులో కిలో మట్టికి ఆర్సెనిక్ 12, సీసం 70, కాడ్మియం 1.4 మిల్లీగ్రాములు. పటాన్‌చెరు నేలల్లోని భారలోహాలపై జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2001లో ప్రచురించిన అధ్యయనం ఆ ప్రాంతపు కేసుల్లో నేపథ్యంగా చూపదగినది. అయితే అది మీ సర్వే నంబరుకు ప్రత్యామ్నాయం కాదు.

నివేదిక వచ్చాక అది మీకు అనుకూలమైనా ప్రతికూలమైనా నకలు తీసుకుని అక్షరం అక్షరం చదవండి. కమిషనర్ నివేదిక రికార్డులో సాక్ష్యమవుతుంది, కానీ తుది మాట కాదు. 26వ ఆర్డరు 10వ రూలు కింద కోర్టు అనుమతితో కమిషనర్‌ను బోనెక్కించి ప్రశ్నించవచ్చు, నివేదిక అసంతృప్తికరంగా ఉంటే మరోసారి పరిశీలనకు ఆదేశించమనవచ్చు. అభ్యంతరాలను వాయిదాలోపు రాతపూర్వకంగా వేయండి. నోటితో చెప్పినవి రికార్డులోకి ఎక్కవు. ట్రిబ్యునల్ కమిటీ నివేదికకూ ఇదే వర్తిస్తుంది. నిర్ణయించే బాధ్యతను నిపుణుల కమిటీకి అప్పగించరాదని గుజరాత్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. కాబట్టి కమిటీ చెప్పింది కాబట్టి అంతే అన్న మాటకు మీరు తలొగ్గనక్కర్లేదు, అవతలివారూ తలొగ్గరు.

వాదనలో రెండు తీర్పులు మీ వకీలుకు గుర్తుచేయండి. ఉదయ్‌పూర్ దగ్గరి బిచ్ఛ్‌రీ గ్రామంలో రసాయన వ్యర్థాలు నేలనూ బావులనూ పాడుచేసిన కేసులో, 1996లో సుప్రీంకోర్టు కాలుష్య కారకులే ఆ నేలను బాగుచేసే ఖర్చు భరించాలన్నది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు మధ్య 1999 నాటి తీర్పులో, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల సమీపంలో తలపెట్టిన పరిశ్రమ విషయంలో, హాని లేదని నిరూపించే బరువు పరిశ్రమ పెట్టదలచినవారిదేనన్నది. ఈ రెండో తీర్పు ఉంది కదా అని నమూనాల పని మానేయవద్దు. బరువు అవతలివారి మీదికి మారాలన్నా ముందు మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ట్రిబ్యునల్ ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 90 రోజుల్లో సుప్రీంకోర్టుకు అప్పీలు వేయవచ్చు.

కేసు నడుస్తుండగా పొలాన్ని ఏం చేయాలని అందరూ అడుగుతారు. సేద్యం మానమని నేను చెప్పను, కానీ అవతలి పక్షం మళ్లీ నమూనాలు అడిగే అవకాశం తీరిపోయేదాకా ఆ చెక్కలో చెరువు మట్టి తోలించకండి, పైపొర గీకించకండి, లోతు దుక్కి దున్నించకండి. ఒక రైతు వేసవిలో చెరువు పూడిక తక్కువకు వస్తున్నదని నలభై ట్రాక్టర్లు తోలించుకున్నాడు. వానాకాలానికి రెండో కమిషనర్ వచ్చి పైపొర తీస్తే అందులో ఉన్నది చెరువు మట్టే. తప్పనిసరిగా తోలించుకోవాల్సి వస్తే కోర్టుకు ముందు మెమో వేసి, నమూనాలు తీసిన గీత పొడవునా పది అడుగుల వెడల్పున నేలను కదపకుండా, కర్రలు పాతి వదిలేయండి.